కాశీకి ఒక్క పూట సరిపోదండీ: యాత్రలు నడిపేవారికి బహిరంగ లేఖ

గోదావరి జిల్లాల నుంచి, హైదరాబాద్, విజయవాడ, విశాఖ, వరంగల్ నుంచి మన పెద్దవాళ్లను కాశీ యాత్రకు తీసుకెళ్లే ట్రావెల్స్ వారికి, టూర్ మేనేజర్లకు, గైడ్లకు నమస్కారం.

మాది తణుకు దగ్గర ఒక పల్లెటూరు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా అమ్మను మొదటిసారి కాశీ తీసుకెళ్లింది మీలాంటి వారే. రెండోసారి నేను తీసుకెళ్లాను. ఆ రెండు ప్రయాణాల మధ్య నేను చూసిన తేడా మీతో చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఏ ట్రావెల్స్ అన్నది ఇక్కడ రాయను. ఒకరిని వేలెత్తి చూపడం నాకిష్టం లేదు. పాంప్లెట్లన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే అందరిదీ ఇంచుమించు ఒకే పద్ధతి కూడాను.

మూడేళ్ల కిందటి మాట. నాన్న సంవత్సరీకాలు అయిన వారానికి అమ్మ, "నేను కాశీ వెళ్లొస్తానే" అంది. నాన్న ఉండగా ఇద్దరూ కలిసి వెళ్లాలని ముప్పై ఏళ్లు అనుకున్నారు. సార్వా ఊడ్పులని ఒకసారి, దాళ్వా కోతలని ఒకసారి, మా చదువులు, పెళ్లిళ్లు, పురుళ్లు అని ఇంకోసారి, అలా వాయిదా పడుతూనే వచ్చింది. చివరికి నాన్న లేకుండా వెళ్లాల్సి వచ్చింది. గేదె పాల డబ్బులు ఒక హార్లిక్స్ సీసాలో దాచుకుంది అమ్మ. మేం ఇస్తామన్నా వినకుండా ఆ డబ్బే కట్టింది. మా పిన్ని, మా వీధిలోని మరో ముగ్గురు ఆడవాళ్లు తోడున్నారన్న ధైర్యంతో నేనూ తమ్ముడూ పంపించాం. పాంప్లెట్ మీద '8 రోజులు, 11 క్షేత్రాలు' అని పెద్దక్షరాలతో ఉంది. తక్కువ ఖర్చులో అన్నీ చూసొస్తుందని సంతోషించాం.

తిరిగొచ్చిన రోజు స్టేషన్‌కి నేనే వెళ్లాను. పాదాలు వాచిపోయి చెప్పుల్లో పట్టడం లేదు. ఆటోలో కూర్చున్నాక, "ఎలా ఉందమ్మా కాశీ?" అని అడిగాను. కాసేపు ఆలోచించింది.

"బస్సు బాగుందే. సీట్లు మెత్తగా ఉన్నాయి."

ఇంకేమీ చెప్పలేదు. నలుగురిని పిలిచి కాశీ సమారాధన చేశాం, గంగచెంబుకు పూజ చేశాం, వచ్చినవాళ్లందరికీ కాశీ దారాలు పంచింది. "అత్తయ్యా, కాశీ విశేషాలు చెప్పండి" అని మా మరదలు అడిగితే, "ఏముందమ్మా, అందరూ వెళ్లేదే" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. తిరుపతి వెళ్లొస్తే వారం రోజులు చెప్పిందే చెప్పే మనిషి ఆవిడ. నాకు మనసు కుదురుగా లేదు. నాలుగు రోజులాగి పిన్నిని కూర్చోబెట్టి అంతా అడిగాను.

రైలు ఆలస్యమై రాత్రి ఎనిమిదిన్నరకు కాశీలో దిగారు. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి గయ వెళ్లే బస్సెక్కించారు. మొత్తం పదిహేడున్నర గంటలు. భోజనం, గదుల పంపకం అయ్యేసరికి పదకొండు దాటింది, మళ్లీ మూడింటికే లేపారు. స్నానానికి, గుడికి వెళ్లి రావడానికి, లైన్లలో నిలబడటానికి ఏడు గంటలు పట్టింది. టిఫిన్లు, సామాన్లు సర్దుకోవడం, బస్సు కోసం రోడ్డు మీద నిలబడటం పోగా, ముప్పై ఏళ్లు ఎదురుచూసిన గంగమ్మ ఒడ్డున అమ్మకు దక్కింది నలభై నిమిషాలు. అందులోనే స్నానం, బట్టలు మార్చుకోవడం, సంకల్పం, దీపం వదలడం. ఒడ్డున కూర్చుందామంటే "పైకి పదండి, పైకి పదండి" అని విజిల్ ఊదారట.

ఇంకో సంగతి కూడా జరిగింది. కాశీ విశ్వనాథుడి గుడిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరని మీకు తెలుసు. నలభై మంది ఫోన్లూ మేనేజర్ ఒక సంచిలో వేసి లాకర్‌లో పెట్టారు. దర్శనమయ్యాక అమ్మ అన్నపూర్ణమ్మ దగ్గర ఒక్క నిమిషం ఆగింది. తల తిప్పి చూసేసరికి మనవాళ్లు లేరు. 2021 డిసెంబరులో గుడి చుట్టూ కట్టిన కారిడార్ తెరిచినప్పటి నుంచి ఆ ప్రాంగణం చాలా పెద్దది. ఒక ద్వారం గంగ వైపు తీసుకెళ్తుంది, ఇంకొకటి రోడ్డు మీదికి, మరొకటి గల్లీల్లోకి. అమ్మ తను వచ్చిన ద్వారం అనుకుని ఇంకో ద్వారంలోంచి బయటపడింది. తడి చీర, కాళ్లకు చెప్పుల్లేవు, చేతిలో ఫోన్ లేదు, హిందీ ముక్క రాదు. గోడకు ఆనుకుని నిలబడి కనబడ్డవాళ్లనల్లా "ఆంధ్రా, ఆంధ్రా" అని అడిగిందట. పూలు అమ్ముకునే ఒకావిడ చూసి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, తన కొడుకును తోడిచ్చి తెలుగు బోర్డున్న దుకాణానికి పంపింది. దుకాణమాయన ఏ హోటలమ్మా అని అడిగితే అమ్మకు పేరు తెలియదు. ఎవరూ చెప్పలేదు. తమ్ముడి నంబర్ ఒక్కటే అమ్మ నోటికొచ్చు. అతను తమ్ముడికి, తమ్ముడు పాంప్లెట్ మీదున్న నంబర్‌కి ఫోన్లు చేసి, ఎట్టకేలకు గంటా ఇరవై నిమిషాలకు కలిపారు.

అమ్మ తప్పిపోయిన సంగతి తమ్ముడి ద్వారా మాకు అప్పుడే తెలుసు. ఆ తర్వాత జరిగింది మాత్రం పిన్ని చెబితేనే తెలిసింది. బస్సెక్కగానే మేనేజర్ నలభై మంది ముందూ, "మీ ఒక్కరి వల్ల అందరికీ లేటు. ఈ వయసులో ఇంట్లో ఉండొచ్చు కదా" అన్నారట. అమ్మ ఆ మాట మాకెవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఆరు రోజులు ఎక్కడా ఎవరి చెయ్యీ వదలకుండా, ఏ గుడిలోనూ ఒక్క క్షణం ఆగకుండా, తల దించుకుని తిరిగొచ్చింది.

ఆ అబ్బాయికీ టెన్షన్ ఉండి ఉంటుంది, కాదనను. నలభై మందిని లెక్కపెట్టుకుంటూ, డ్రైవరు ఒకవైపు తొందరపెడుతుంటే, రాత్రికి గయలో గదులు దొరుకుతాయో లేదో అనుకుంటూ ఉన్నాడు. మీ కష్టం నాకు తెలుసు. బియ్యం, పప్పు, పచ్చళ్లు, గ్యాస్ స్టవ్, వంటవాళ్లతో సహా వెయ్యి మైళ్లు తీసుకెళ్లి, పొద్దున్నే ఉప్మా, మధ్యాహ్నం చారన్నం పెట్టి, బీపీ మాత్రలు వేసుకున్నారా అని అడిగే మేనేజర్లు మీలో ఉన్నారు. మా వీధిలో ఒక మామ్మగారిని గయలో చేతుల మీద ఎత్తుకుని మెట్లు దించిన అబ్బాయి గురించి ఇప్పటికీ చెప్పుకుంటాం. మీరు లేకపోతే పల్లెటూళ్లలో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లలో చాలామందికి కాశీ కలగానే ఉండిపోతుంది. అందుకే ఈ మాట మిమ్మల్నే అడుగుతున్నాను. కాశీకి టైమివ్వండి.

కిందటి కార్తీకంలో, పౌర్ణమి నాటి దేవ్ దీపావళి రద్దీ తగ్గాక, స్కూలుకు సెలవు పెట్టి అమ్మను నేను తీసుకెళ్లాను. వద్దంది మొదట. "ఒకసారి చూసేశాను కదే" అంది. బలవంతం చేశాను. పాండే హవేలీ దగ్గర ఒక తెలుగు సత్రంలో గది తీసుకుని తొమ్మిది రాత్రులున్నాం. ఎందుకు తొమ్మిదో మీకు వేరే చెప్పక్కర్లేదు. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేస్తే మళ్లీ తల్లి కడుపులో తొమ్మిది నెలలు ఉండే పని లేదని మన పెద్దవాళ్ల నమ్మకం. అమ్మకు ఆ సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు. మొదటిసారి వెళ్లినప్పుడు అడగడానికి మొహమాటపడిందట.

మొదటి రెండు రోజులు ఎక్కడికీ వెళ్లలేదు. పొద్దున్నే కేదార్ ఘాట్‌లో స్నానం, కేదారేశ్వరుడి దర్శనం, మధ్యాహ్నం సత్రంలో విస్తరి భోజనం, సాయంత్రం మళ్లీ ఘాట్. అంతే. కాశీలో గంగ ఉత్తరం వైపు తిరిగి ప్రవహిస్తుంది, ఘాట్లన్నీ పడమటి ఒడ్డున తూర్పు ముఖంగా ఉంటాయి. అందుకే మెట్ల మీద ఊరికే కూర్చున్నా అవతలి ఒడ్డు ఇసుక తిన్నెల మీదుగా సూర్యుడు సూటిగా మన మొహం మీదికి వస్తాడు. అమ్మ మోకాళ్ల మీద తడి చీర పరుచుకుని, అది ఆరేదాకా ఎండలో కూర్చునేది. రాగి చెంబు మెట్ల పక్క బురదతో తోమి, కడిగి, మళ్లీ తోమేది. ఎందుకమ్మా అన్నిసార్లు అంటే, "పని ఉంటే ఇక్కడ ఇంకాసేపు కూర్చోవచ్చు కదే" అంది.

కేదార్ ఘాట్ పక్కనే విజయనగరం వాళ్ల ఘాట్ ఉంది. మన రాజుగారి పేరు అక్కడ చూసి అమ్మకు ఎంత సంతోషమో! అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే హరిశ్చంద్ర ఘాట్. మొదటి యాత్రలో అటు తీసుకెళ్లనే లేదు. మూడో రోజు సాయంత్రం అటు నడుచుకుంటూ వెళ్తే ఏదో చితి కాలుతోంది. భయపడుతుందేమో, వెనక్కి తీసుకెళ్దామనుకున్నాను. అమ్మ మెట్టు మీద కూర్చుండిపోయింది. మా తాతయ్య హరిశ్చంద్ర నాటకం పద్యాలు రాగం తీసి పాడేవాడట. రాత్రిళ్లు పొలానికి నీళ్లు పెడుతూ కాటి సీను పద్యాలు అందుకుంటే చేలకడ్డంగా ఇంటిదాకా వినబడేదట. ఇక్కడేనా ఆ కాపలా కాసింది, ఇక్కడేనా చంద్రమతి బిడ్డను తెచ్చింది, అని చుట్టూ చూస్తూ ఒక్కో పద్యం సగం సగం గుర్తు చేసుకుంది. అక్కడి నుంచి మాట నాన్న మీదికి మళ్లింది. నాన్న పోయాక ఆయన గురించి అమ్మ అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం. విజిల్ ఊదేవాళ్లెవరూ లేరు.

నాలుగో రోజు విశ్వనాథుడు, అన్నపూర్ణ, మీర్ ఘాట్ దగ్గర విశాలాక్షి. అన్నపూర్ణమ్మ దగ్గర ఈసారి అమ్మ ఇష్టమున్నంతసేపు ఆగింది. బయటికొచ్చి వ్యాసుడి కథ చెప్పింది. కాశీలో భిక్ష దొరక్క వ్యాసుడు ఆకలికి తాళలేక ఊరినే శపించబోతే, అమ్మవారు ముత్తైదువలా వచ్చి, రా నాయనా భోజనానికి అని పిలిచిన కథ. "ఆకలైతే వ్యాసుడంతటివాడికే కోపమొచ్చింది, మనమెంత" అంటూ నన్ను ఇడ్లీ దుకాణానికి లాక్కెళ్లింది. ఐదో రోజు తెల్లవారుజామునే వారాహి గుడి. అది పొద్దున కొద్ది గంటలే తెరుస్తారు, నేలమాళిగలో ఉన్న అమ్మవారిని పైనున్న కన్నాల్లోంచి వంగి చూడాలి. ఒక్క పూట యాత్రలో అది ఎవరికీ కుదరదు. తర్వాత కాలభైరవుడు, దుర్గాకుండ్, గవ్వలమ్మ. గవ్వలమ్మకు గవ్వలివ్వందే కాశీ ఫలం దక్కదని మనవాళ్లు నమ్ముతారు కదా. "కాశీ ఫలం నాకు, గవ్వల ఫలం నీకు" అని అమ్మ చిన్నపిల్లలా గట్టిగా చెప్పింది.

ఆరో రోజు పడవెక్కి పంచగంగా ఘాట్ వైపు వెళ్లాం. త్రైలింగ స్వామి ఉన్న చోటు చూడాలని అమ్మ పట్టుదల. విజయనగరం సీమలో పుట్టి, కాశీ చేరి, 1887లో అక్కడే దేహం చాలించిన మహానుభావుడు. బెంగాలీలు ఎంతమంది వచ్చి దణ్ణం పెట్టుకుంటున్నారో! మన బస్సులు మాత్రం అటు పోవు.

ఏడో రోజు జరిగింది చెప్పాలనే అసలు ఇంత ఉత్తరం రాస్తున్నాను. నేను నిద్ర లేచేసరికి గదిలో అమ్మ లేదు. గుండె ఆగినంత పనైంది. ఫోన్ మంచం మీదే ఉంది. చెప్పులు వేసుకుని గల్లీలోకి పరిగెత్తాను. రెండో మలుపు దగ్గర ఎదురొచ్చింది. ఒక చేతిలో పాల ప్యాకెట్, ఇంకో చేతిలో బంతిపూల దండ. "ఎక్కడికెళ్లావమ్మా!" అని అరిచాను. "పాలకు. భయ్యా, ఆధా లీటర్ దూధ్ అంటే ఇచ్చాడే. పూలాయన నన్ను గుర్తుపట్టాడు, రెండు పూలు ఎక్కువేశాడు" అంది. మూడేళ్ల కిందట ఇదే ఊళ్లో గోడకు ఆనుకుని, దిక్కుతోచక ఏడ్చిన మనిషి.

నేనేమీ గొప్పగా చూసుకోలేదు. గది మామూలుదే, భోజనం సత్రంలోదే. నేను ఇచ్చింది రోజులు మాత్రమే. ఆ ఊరు అమ్మకు అలవాటు కావడానికి ఏడు రోజులు పట్టింది. అలవాటయ్యాక భయం పోయింది, ఆ తర్వాత భక్తి కుదిరింది. తిరిగొచ్చాక మా ఇంట్లో వారం రోజులు కాశీ కబుర్లే.

'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి 1830 మే 18న బయల్దేరి, కాశీ చూసి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలల పైమాటే. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనుకునే రోజులవి. ఇప్పుడు రైలెక్కితే ఒకటిన్నర రోజు, విమానమెక్కితే రెండు గంటలు. దారిలో మిగిలిన ఆ కాలం కాశీలో గడపడానికి దొరకాలి కదా. మనం దాన్ని తీసుకెళ్లి ఇంకో పది ఊళ్ల మధ్య బస్సులో పోస్తున్నాం. కాశీ నుంచి గయ 250 కిలోమీటర్లు, మళ్లీ వెనక్కి అంతే. అక్కడి నుంచి ప్రయాగ, అయోధ్య, నైమిశారణ్యం. ఎనిమిది రోజుల్లో, రైలు ప్రయాణం కాకుండా, సుమారు వెయ్యి కిలోమీటర్లు బస్సులోనే కూర్చోబెడుతున్నారు. డెబ్భై ఏళ్ల మోకాళ్లు ఎంతకని ఓర్చుకుంటాయి?

కాబట్టి మొదటగా నేను అడిగేది, కాశీలో కనీసం మూడు రాత్రులు. వచ్చిన రోజు విశ్రాంతి, మర్నాడు దర్శనాలు, మూడో రోజు పడవ మీద ఘాట్లు. 84 ఘాట్లూ చూపించమనడం లేదు, నాలుగు చోట్ల దిగి కూర్చోనివ్వండి చాలు. గయకు కాశీ నుంచే వెళ్లి రావచ్చు. పిండప్రదానం పని ఉన్నవాళ్లు వెళ్తారు, ఓపిక లేనివాళ్లు కాశీలోనే ఉంటారు. ప్రయాగలో వేణీదానం, అంటే భార్య జడ కొస గంగమ్మకు ఇచ్చే తంతు, చేసుకునే దంపతులకూ అంతే. పాంప్లెట్ మీద క్షేత్రాల సంఖ్య వేసే చోట కాశీలో ఎన్ని గంటలు ఉంచుతారో వేయండి.

రెండోది, ఏడాదికి రెండు మూడు బ్యాచ్‌లైనా తొమ్మిది రాత్రులవి పెట్టండి. కాశీ ఒక్కటే, ఇంకేమీ వద్దు. మీకూ బస్సు ఖర్చు తగ్గుతుంది, వంటవాళ్లకు రోజూ పొయ్యి విప్పి కట్టే పని తప్పుతుంది. జనం వస్తారా అని మీకు అనుమానం ఉండొచ్చు. మా ఊళ్లో అమ్మ చెప్పిన కబుర్లు విన్నాక ఎంతమంది అడిగారో నాకు తెలుసు.

ఇక తప్పిపోవడం గురించి. ఇది చాలా చిన్న పని. ప్రతి ఒక్కరి మెడలో ఒక కార్డు వేయండి. దాని మీద బస పేరు, వీధి, మేనేజర్ నంబర్ హిందీలోనూ తెలుగులోనూ పెద్దక్షరాలతో రాయండి. గుడిలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు కాబట్టి ఈ కార్డే వాళ్లకు దిక్కు. లోపలికి వెళ్లే ముందే, తప్పిపోతే ఫలానా ద్వారం దగ్గర ఫలానా దుకాణం ముందు నిలబడండి, మా మనిషి వస్తాడు, అని రెండుసార్లు చెప్పండి. ఒక మనిషిని అందరికన్నా వెనక నడిపించండి. అప్పుడు ఎవరైనా అన్నపూర్ణమ్మ దగ్గర ఒక నిమిషం ఆగినా ప్రమాదం లేదు.

ఇంకో విషయం, ఆడవాళ్లు నోరు విప్పి చెప్పలేనిది. దూరపు బస్సు ప్రయాణమంటే మా అమ్మా పిన్నీ ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. బస్సు ఎక్కడ ఆపుతారో, అక్కడ బాత్రూమ్ ఉంటుందో ఉండదో తెలియదు కాబట్టి. గయ దారిలో పిన్నికి కళ్లు తిరిగింది అందుకే. షుగర్ ఉన్నవాళ్లు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఇలా నీళ్లు మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. రెండు గంటలకోసారి మంచి బాత్రూమ్ ఉన్న చోట ఆపుతాం అని బస్సు కదిలే ముందే మైకులో చెప్పండి. ఆ ఒక్క మాట వింటే వాళ్లు ధైర్యంగా నీళ్లు తాగుతారు. చేయి జోడించి అడుగుతున్నాను.

డబ్బు సంగతి కూడా చెప్పేయండి ముందే. పడవకెంత, పూజారికెంత, టోటోకు (బ్యాటరీ ఆటోకు) ఎంత, ప్యాకేజీలో ఏది ఉంది, ఏది లేదు. బస్సులో కూర్చున్నాక ఇంకో ఐదొందలు, ఇంకో వెయ్యి అంటే, కొంగున ముడేసుకున్న డబ్బు ఎంతో లెక్కపెట్టుకుని, "నాకు పడవ వద్దులే నాయనా" అనేవాళ్లు ఉంటారు. మా అమ్మ అలాగే అంది. నలుగురూ పడవెక్కితే తను ఒడ్డున సామాన్లకు కాపలా ఉంది.

కాలం గురించి కూడా నిజం చెప్పండి. వానాకాలంలో గంగ పొంగితే ఘాట్లు మునుగుతాయి, పడవలు ఆపేస్తారు. డిసెంబరు, జనవరిలో మంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. మే నెల ఎండ మీకు తెలియనిది కాదు. 2023 ఏప్రిల్ 22న మొదలైన గంగా పుష్కరాల్లో మన జనం ఎంత వచ్చారో, ఆ ఎండలో ఎంత ఇబ్బంది పడ్డారో మీరు దగ్గరుండి చూసే ఉంటారు. గుండె జబ్బున్నవాళ్లకు, మోకాళ్లు పట్టేసినవాళ్లకు, "ఇప్పుడు వద్దమ్మా, కార్తీకంలో రండి" అని మీరే చెబితే, ఒక టికెట్ పోయినా మీ మీద నమ్మకం పెరుగుతుంది.

తప్పంతా మీదే అనడం లేదు. టికెట్ బుక్ చేసిన రోజు నేను మీలాంటి ముగ్గురికి ఫోన్ చేశాను. ముగ్గురినీ ఒకటే అడిగాను, ఎన్ని చూపిస్తారు, ఎంత తీసుకుంటారు. ఎక్కువ చూపించి తక్కువ తీసుకునేవారికి అమ్మ డబ్బు కట్టాను. కాశీలో ఎంతసేపు ఉంచుతారని అడగలేదు. అమ్మకు ఏం కావాలని అమ్మనూ అడగలేదు. మాలాంటి పిల్లలు అలా అడుగుతున్నంత కాలం మీ పాంప్లెట్లూ అలాగే ఉంటాయి. ఈ ఉత్తరం చదివే కొడుకులు, కూతుళ్లు ఈసారి ఫోన్ చేసినప్పుడు మొదట కాశీలో ఎన్ని రాత్రులు అని అడగాలని కోరుకుంటున్నాను.

ఒక్క మాట మాత్రం ఏ ఖర్చూ లేనిది, ఈ రోజు నుంచే చేయగలిగింది. పెద్దవాళ్లను నలుగురిలో కసరకండి. ఆలస్యం చేసింది అనుకుంటున్న ఆ మనిషి ఎవరి జ్ఞాపకంతో అక్కడ ఆగిపోయిందో మనకు తెలియదు. ఆరోజు అన్నపూర్ణమ్మ దగ్గర ఎందుకు ఆగావమ్మా అని రెండోసారి వెళ్లినప్పుడు అడిగాను. "మీ నాన్నకు కడుపునిండా పెట్టమ్మా అని చెప్పుకుంటున్నానే, అంతలో వెళ్లిపోయారు" అంది.

వచ్చే కార్తీకానికి మా పిన్ని, మా వీధి ఆడవాళ్లు ముగ్గురు, అమ్మ స్నేహితురాలు ఒకరు, మళ్లీ అమ్మ, మొత్తం ఆరుగురు సిద్ధంగా ఉన్నారు. నాకు ఈసారి సెలవు దొరకదు. మీలో ఎవరైనా తొమ్మిది రాత్రులు కాశీ అని బోర్డు పెడితే, ముందు డబ్బు కట్టేది వీళ్లే. అమ్మ హార్లిక్స్ సీసా మళ్లీ సగం నిండింది.

ఇట్లు,
కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేసివచ్చిన ఒక తల్లి కూతురు